నీలిపూత పోయిన పాత తుపాకికి తుప్పు ఆగాలంటే నూనె కంటే ముందు చేయాల్సిన పని

అడిగిన విషయం ఇదీ: ప్రొద్దుటూరు దగ్గర ఒక ఇంట్లో తాతగారి 12 బోర్ జంట గొట్టాల తుపాకి, మూతి నుంచి మందు కూరే ఇంకా పాత తుపాకి ఒకటి ఉన్నాయి. రెండింటికీ లైసెన్సు ఉంది. గొట్టాల మీద నీలిపూత (తుప్పు పట్టకుండా తయారీలో ఇనుముకు పట్టించే ముదురు నీలి పొర) చాలాచోట్ల అరిగి, ఇనుము బయటపడింది. నెలనెలా శెనక్కాయల నూనె తుడుస్తున్నా ముసురు పట్టిన వారంలోనే ఎర్రటి చుక్కలు లేస్తున్నాయి. ఏం పూస్తే ఆగుతుంది?

పూయాల్సింది చెప్పడం తేలికే. బయటి ఇనుముకు మైక్రోక్రిస్టలైన్ మైనం (ముడి చమురు నుంచి తీసే సన్నటి రేణువుల మైనం), గొట్టం లోపలికి పలచని తుపాకి నూనె, తాళం (ట్రిగ్గర్ నొక్కితే తుపాకిని పేల్చే యంత్రం) భాగాలకు రెండు మూడు చుక్కల అదే నూనె. శెనక్కాయల నూనె ఈ రోజుతో ఆపేయండి. కానీ ఇప్పుడున్న ఇనుము మీద నేరుగా ఏది పూసినా చుక్కలు మళ్లీ లేస్తాయి. తుప్పు తిన్న ఆ చుక్కల గుంటల్లో ఉప్పు ఉంది. చేతి చెమట, కాల్చిన మందు మసి, పూజలో చల్లిన నీళ్లు, బోరు నీళ్లతో తడిపిన గుడ్డ, వీటన్నిటి నుంచీ చేరిన ఉప్పు. ఉప్పు నూనెలో కరగదు. నూనె పొర కింద అలాగే ఉండి, గాలిలో తేమ పెరిగినప్పుడల్లా దాన్ని పీల్చుకుని మళ్లీ పని మొదలుపెడుతుంది. అందుకే తుప్పు ఎప్పుడూ అదే చుక్క దగ్గర తిరిగి పుడుతుంది.

ఏ పనీ మొదలుపెట్టకముందే తుపాకి ఖాళీగా ఉందో లేదో తేల్చుకోవాలి. 12 బోర్ అయితే మడిచి రెండు గొట్టాల్లోంచీ వెలుతురు చూడండి. మూతి నుంచి కూరే తుపాకిలో అలా చూడలేం. సన్నటి చెక్క కడ్డీని గొట్టంలోకి మెల్లగా ఆగేదాకా దించి, మూతి దగ్గర పెన్సిల్ గుర్తు పెట్టి, బయటికి తీసి గొట్టం పక్కన ఆనించి చూడాలి. కడ్డీ కొన నిప్పు దూరే రంధ్రం దాకా రావాలి. రెండు మూడు అంగుళాలు ముందే ఆగిందంటే లోపల మందూ గుండ్లూ ఉన్నట్టే లెక్క. పొడిగా ఉన్న తుపాకి మందు వందేళ్లయినా చావదు. అలాంటప్పుడు వేడి తగిలించకండి, పొడవకండి, గీకకండి. లైసెన్సున్న తుపాకుల మరమ్మతుదారుకు గానీ పోలీసులకు గానీ చెప్పి వాళ్ల చేత తీయించండి. ఇంకొక మాట. 1959 ఆయుధాల చట్టంలో మరమ్మతు చేసినా పేలనంత పాడైన పురాతన ఆయుధాలకే మినహాయింపు ఉంది. బాగుచేస్తే పేలేది ఎంత పాతదైనా లైసెన్సు కావాల్సిందే. అటకమీద లైసెన్సు లేనిది కనబడితే దానికి మైనం పూసే ముందు పోలీసు స్టేషన్‌కు తెలియజేయాలి.

మన రాయలసీమ పొడి నేల కదా, తుప్పు ఇంతలా ఎందుకు అనే అనుమానం సహజమే. అనంతపురంలో ఏడాది వాన 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే. కానీ ఇనుముకు ఏడాది మొత్తం కురిసిన వానతో పనిలేదు, చుట్టూ ఉన్న గాలిలో ఆ పూట తేమ ఎంతుందన్నదే లెక్క. శుభ్రమైన ఇనుము మీద గాలి తేమ 60 శాతం దాటాక తుప్పు వేగం పెరుగుతుంది. ఉప్పు అంటిన ఇనుముకు అంత కూడా అక్కర్లేదు. ఆగస్టు నుంచి నవంబరు దాకా, ముఖ్యంగా అక్టోబరు, నవంబరు తుపాను ముసుర్లప్పుడు, మన ఇళ్లలో తేమ రోజుల తరబడి 80 శాతం పైనే ఉంటుంది. చాలామంది గమనించనిది ఎండాకాలం కూలర్. ఏప్రిల్, మే నెలల్లో బయట గాలి ఎండిపోయి ఉన్నా, కూలర్ నడిచే గదిలో నీటి ఆవిరి నింపుతున్నది మనమే. తుపాకి బీరువా ఆ గదిలో ఉంటే దానికి ఎండాకాలం కూడా వానాకాలమే. బీరువాను కూలర్ లేని గదికి మార్చడం ఒక్కటే సగం పని చేస్తుంది. ఏసీ గది వేరు, అక్కడ గాలి పొడిగానే ఉంటుంది. కానీ ఏసీ గదిలో చల్లబడిన తుపాకిని ముసురు రోజు బయటికి తెస్తే క్షణాల్లో దాని మీద నీరు పేరుకుంటుంది. సంచిలో మూసే ఉంచి, ఇనుము బయటి వేడికి వచ్చేదాకా గంట, గంటన్నర ఆగి అప్పుడు విప్పాలి.

ఇక నూనెల సంగతి. శెనక్కాయల నూనె గాలి తగిలి మెల్లగా చిక్కబడి, జిగురై, దుమ్ము పట్టుకుంటుంది. తాళంలోకి దిగితే స్ప్రింగు కదలిక మందగిస్తుంది. కొబ్బరినూనె అంత త్వరగా జిగురు కాదు గానీ కాలం గడిచేకొద్దీ చేదెక్కి కొవ్వు ఆమ్లాలు విడుస్తుంది. ఇత్తడి భాగాల చుట్టూ కనిపించే పచ్చటి మైనం లాంటి చిలుము దాని పనే. ఆముదం పాతకాలంలో బాగానే వాడారు, ఇనుమును గట్టిగా పట్టుకుంటుంది, అయితే చిక్కనిది, తీయడం కష్టం. కిరసనాయిలు తుప్పు నానబెట్టడానికి మంచిది, కాపలాకు పనికిరాదు. ఆరిపోయాక మిగిలే పొర నామమాత్రం. డబ్ల్యూడీ-40 స్ప్రే తడిని నెట్టేయడానికి బాగుంటుంది, నెలల తరబడి నిల్వకు దాన్ని నమ్మకండి. బ్రిటిష్ కాలంలో తుపాకులకు రంగూన్ నూనె అని వాడింది బర్మా నుంచి వచ్చిన ఖనిజ నూనె. వంటనూనె బదులు ఖనిజ నూనె వాడాలన్న తెలివి అప్పటికే ఉంది. ఇప్పుడు దొరికే తుపాకి నూనె ఏదైనా సరే, అదీ లేకపోతే కుట్టుమిషన్ నూనె కూడా వంటింటి నూనెల కంటే ఎన్నో రెట్లు నయం.

పని మొదలుపెట్టేటప్పుడు తుప్పు ఏ రకమో చూడండి. గోటితో గీస్తే నారింజ రంగు పొడి రాలేది బతికున్న తుప్పు, అది పోవాలి. గట్టిగా, నున్నగా, ముదురు గోధుమ రంగులోనో నల్లగానో ఉండి గుడ్డకు అంటనిది స్థిరపడిన పొర. దాన్ని ముట్టుకోవద్దు. పాత తుపాకి విలువలో పెద్ద భాగం ఆ పొరలోనూ, దాని కింద ఉన్న తయారీదారు ముద్రల్లోనూ ఉంటుంది. ఎమరీ పేపర్ పట్టి వెండిలా మెరిపించడం తుపాకిని పాడుచేయడమే. ముద్రలు అరిగిపోతాయి, మెరిసే ఇనుముకు తుప్పు ఇంకా త్వరగా పడుతుంది. గొట్టాల మీద అలలలాగా, మెలికలు తిరిగిన గీతలు కనబడితే అది ఇనుమూ ఉక్కూ పేని చుట్టిన డమాస్కస్ గొట్టం. దాని మీద నూనె గుడ్డ తప్ప ఏదీ రుద్దకండి. అందులో ఇప్పటి తూటాలు కాల్చనూ కూడదు.

బతికున్న తుప్పు తీయడానికి కావాల్సినవి 0000 నంబరు స్టీల్ ఊల్ (అతి సన్నటి ఉక్కు పీచు) లేదా కంచు ఊల్, పలచని నూనె, నూలు గుడ్డలు, నైట్రైల్ గ్లవ్స్, బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ 5 లీటర్ల క్యాన్ ఒకటి. షాపులో అడిగేటప్పుడు స్పష్టంగా అడగండి, పక్కనే బ్యాటరీ యాసిడ్ కూడా అమ్ముతారు. డిస్టిల్డ్ వాటర్ ఎందుకంటే మన బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. ఉప్పు తీయబోయి ఉప్పు పూసినట్టవుతుంది. స్టీల్ ఊల్ కొత్తదానికి ఫ్యాక్టరీ నూనె ఉంటుంది, అది ఫరవాలేదు. వంటగదిలో గిన్నెలు తోమే ముతక పీచు మాత్రం వద్దు, గీతలు పడతాయి.

చుక్క మీద నూనె వేసి అరగంట నాననివ్వండి. గట్టిగా పట్టి ఉంటే ఒక రాత్రంతా. ఊల్‌ను వేలిపైన చిన్న ఉండలా చేసి, అదిమి కాకుండా తేలిగ్గా, ఒకే దిశలో రుద్దాలి. నూనె ఎర్రబడగానే తుడిచి కొత్త నూనె వేయాలి. అదే మురికితో రుద్దుతూ పోతే తుప్పు పొడే ఎమరీ పని చేస్తుంది. పది నిమిషాలకొకసారి ఆగి చూసుకోండి. మిగిలిన నీలిపూత పలచబడుతున్నట్టు అనిపిస్తే అక్కడితో ఆపేయాలి. గుంట అడుగున నల్లటి మచ్చ మిగిలితే మిగలనివ్వండి.

చింతపండు, నిమ్మకాయ, వెనిగర్, బజారులో అమ్మే తుప్పు తీసే యాసిడ్ ద్రావణాలు ఇక్కడ వద్దు. నీలిపూత కూడా ఒక రకం ఇనుప ఆక్సైడే. తుప్పును కరిగించే ఆమ్లం దాన్నీ కరిగిస్తుంది, పది నిమిషాల్లో గొట్టం బూడిదరంగుకు మారుతుంది. ఇత్తడి పాలిష్ కూడా ఇనుము మీదికి పోనివ్వకండి.

ఆ తర్వాత అసలు పని, ఉప్పు కడగడం. ముందు మినరల్ టర్పెంటైన్ తడిపిన గుడ్డతో నూనె మొత్తం తీసేయాలి, పెట్రోలు వాడవద్దు. గొట్టాన్ని కర్ర (తుపాకి చెక్క భాగం) నుంచి విడదీయగలిగితే విడదీసి, వేడి డిస్టిల్డ్ వాటర్‌లో గుడ్డ ముంచి పిండి, తుప్పు పట్టిన చోట్లు నాలుగైదు సార్లు, ప్రతిసారీ శుభ్రమైన గుడ్డతో తుడవండి. మూతి నుంచి కూరే తుపాకి గొట్టం లోపల పాత మందు మసి ఉంటే దానికి సబ్బు రెండు చుక్కలు కలిపిన వేడి నీళ్లే మందు. ఆ మసిలో ఉన్న పొటాషియం లవణాలు తేమను పీల్చుకుంటాయి, నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. మందుకు నిప్పు అంటించే పాత తరం క్యాపుల్లో పొటాషియం క్లోరేట్ ఉండేది, కాల్చాక మిగిలేది పొటాషియం క్లోరైడ్, అంటే వంట ఉప్పుకు దగ్గర చుట్టం. దానికీ ఇదే వైద్యం.

తడి తగిలిన ఇనుమును ఒక్క నిమిషం కూడా వదలకూడదు. గుడ్డతో తుడిచి, హెయిర్ డ్రయ్యర్‌తో చేతికి వెచ్చగా తగిలేదాకా ఆరబెట్టండి. మన ఎండ కూడా పనికొస్తుంది, అయితే విడదీసిన గొట్టాన్ని మాత్రమే, పదిహేను నిమిషాలకు మించకుండా. మే నెల ఎండలో అంతకంటే ఎక్కువ ఉంటే పట్టుకోలేనంత కాలుతుంది. కర్రను మాత్రం ఎండలో పెట్టవద్దు, పగులుతుంది.

జంట గొట్టాల విషయంలో ఒక జాగ్రత్త. రెండు గొట్టాలనూ, మధ్యలో పొడవునా ఉండే ఇనుప పట్టీ, అంటే రిబ్‌నూ మెత్తటి సీసపు టంకంతో అతికిస్తారు. ఆ రిబ్ కింద ఖాళీ ఉంటుంది. టంకం ఎక్కడైనా వదిలి ఉంటే నీళ్లు అందులోకి దిగి బయటికి రావు, లోపలి నుంచి తినేస్తాయి. గొట్టాలను దారంతో వేలాడదీసి చిన్న చెక్కతో తట్టండి. గంటలా ఖంగుమంటే అతుకు గట్టిగా ఉంది, మొద్దు శబ్దం వస్తే ఎక్కడో వదిలింది. వదిలినవాటిని నీళ్లలో ముంచకండి, తడి గుడ్డతోనే కానివ్వండి. కొత్తగా నీలిపూత వేయిస్తే పోలేదా అని కొందరు సలహా ఇస్తారు. కాస్టిక్ లవణాలను మరిగించి వేసే వేడి పద్ధతి జంట గొట్టాలకు ఎప్పుడూ వద్దు, ఆ కాస్టిక్ టంకాన్ని తినేసి గొట్టాలు విడిపోతాయి. వేయించక తప్పదనుకుంటే మెల్లగా తుప్పు పట్టించి, ఉడికించి నల్లబరిచే పాత పద్ధతి తెలిసిన పనివాడి దగ్గరే. నా అభిప్రాయం అడిగితే వంశపారంపర్యంగా వచ్చిన తుపాకికి కొత్త పూత కంటే పాత ఇనుము మీద మంచి మైనం వేయడమే మేలు.

మైనం ఎలా వేయాలంటే, ఇనుము పూర్తిగా నూనె లేకుండా, పొడిగా, గోరువెచ్చగా ఉండాలి. నూనె మీద మైనం అంటుకోదు. ఇది చాలామంది దగ్గర తప్పే మెట్టు. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఆఖరిసారి తుడిచి, గ్లవ్స్ తొడుక్కుని, ఒక మూరెడు గొట్టానికి శెనగ గింజంత మైనం చాలు. వేలికి చుట్టిన గుడ్డతో చిన్న చిన్న గుండ్రాలుగా రుద్ది, గుంటల్లోకి పోయేలా చూసి, ఐదు నిమిషాలాగి మెత్తటి గుడ్డతో మెరిసేదాకా తుడవాలి. మర్నాడు రెండో పొర. తెల్లగా పేరుకుందంటే ఎక్కువ వేశారన్నమాట, కొంచెం వేడిచేసి తుడిస్తే పోతుంది. మ్యూజియాల వాళ్లు వాడే రినైసాన్స్ వాక్స్ బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాలలో రూపుదిద్దుకున్నది. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, చిన్న డబ్బా ఏళ్లకేళ్లు వస్తుంది. దొరకకపోతే అరగదీసే పొడి కలవని కారు వాక్స్ వాడొచ్చు. డబ్బా మీద పాలిష్, కాంపౌండ్ అని ఉన్నవి వద్దు. మైనం మంచితనం ఏమిటంటే అది కారదు, దుమ్ము పట్టదు, చేత్తో పట్టుకున్నా చెమట ఇనుముకు తగలదు.

మైనం అన్నిటికంటే అవసరమైన చోటు కంటికి కనబడదు, గొట్టం కర్రలో కూర్చునే అడుగుభాగం. కర్ర తేమ పీల్చి ఇనుముకు అంటిస్తూ ఉంటుంది. పైన అద్దంలా ఉన్న తుపాకి కూడా అడుగున పొరలు పొరలుగా లేచి ఉండొచ్చు. మూతి నుంచి కూరే తుపాకిలో గొట్టాన్ని పట్టి ఉంచే అడ్డ మేకులు ఏ వైపు నుంచి కొట్టాలో, బందులు ఎలా వస్తాయో తెలియకపోతే బలవంతం చేయవద్దు, కర్ర చీలుతుంది. తెలిసినవాళ్ల చేత ఒకసారి విప్పించి, శుభ్రం చేసి, రెండు పొరల మైనం వేయిస్తే చాలా ఏళ్లు నిశ్చింత. తాళం లోపలి పెద్ద స్ప్రింగు సంగతీ అంతే, దాన్ని నొక్కి పట్టే బిగింపు పనిముట్టు లేకుండా విప్పితే విరుగుతుంది, చేతికీ తగులుతుంది.

గొట్టం లోపలికి మైనం వద్దు. కంచు బ్రష్‌తో శుభ్రం చేసి, మూడంగుళాల నూలు గుడ్డకు నాలుగైదు చుక్కల నూనె పట్టించి ఒకసారి దూర్చి తీస్తే చాలు. నెలల తరబడి కదపకుండా ఉంచేదైతే నూనె బదులు పలచగా గ్రీజు. ఎక్కువ నూనె పోస్తే ఎక్కువ రక్షణ అనుకోవడం పొరపాటు. నిలబెట్టిన తుపాకిలో ఆ నూనె కిందికి జారి కర్ర మెడలోకి దిగుతుంది, కర్ర నల్లబడి మెత్తబడుతుంది. నూనె పట్టించాక మొదటి రోజు మూతి కిందికి ఉండేలా గుడ్డ మీద ఆనించండి. మూతిలో గుడ్డ కుక్కే అలవాటుంటే మానండి. దుమ్ము రాదు నిజమే, తేమ కూడా బయటికి పోదు, మూతి నుంచి రెండంగుళాల లోపల వలయంలా తుప్పు పడుతుంది.

ఆయుధ పూజ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దసరా సరిగ్గా తేమ నెలల్లోనే వస్తుంది. పసుపు, కుంకుమ, గంధం, విభూతి, కొబ్బరినీళ్లు, కోసిన నిమ్మకాయ, తడి పూలు ఇనుము మీద రాత్రంతా ఉంటే తెల్లారేసరికి ఆ బొట్టు ఆకారంలోనే మచ్చ పడుతుంది. పూజ మానక్కర్లేదు. వారం ముందే మైనం పూర్తిచేయండి. బొట్లు కర్ర భాగానికి పెట్టండి, లేదా కర్ర చుట్టూ కట్టిన పట్టు గుడ్డకు. పూలు పక్కన పెట్టండి. కొబ్బరినీళ్లు, నిమ్మరసం ఇనుము మీద పడకుండా చూడండి. అదే సాయంత్రం డిస్టిల్డ్ వాటర్ తడి గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, పలచగా మైనం మళ్లీ వేసి లోపల పెట్టండి. ఇంట్లో పాత కత్తులు, బాకులు ఉంటే వాటికీ ఇదే పద్ధతి.

నిల్వలో తోలు సంచి, స్పాంజి పరిచిన పెట్టె రెండూ శత్రువులే. తోలులో దాన్ని పదునుపెట్టిన లవణాలు ఉంటాయి, స్పాంజి తేమను పట్టి ఉంచుతుంది. వార్తాపత్రికలో చుట్టడమూ మంచిది కాదు. ఉతికి బాగా ఆరిన పాత పంచె చాలు, లేదా తుప్పు నిరోధక ఆవిరి విడిచే వీసీఐ సంచి. కడప బండలు పరిచిన నేల మీద ఇనుప పెట్టె నేరుగా పెట్టకండి, ముసుర్లో ఆ బండ చెమర్చుతుంది. నాలుగంగుళాల చెక్క దిమ్మెల మీద, గోడకు జానెడు ఎడంగా ఉంచండి. నాలుగడుగుల ట్రంకు పెట్టెలో తేమ పీల్చే సిలికా జెల్ గుళికలు అర కిలో పెట్టండి, నారింజ రంగుది తీసుకోండి, నీలం రకంలో ఒంటికి హాని చేసే కోబాల్ట్ ఉంటుంది. రంగు మారగానే 110 నుంచి 120 డిగ్రీల వేడిలో రెండు మూడు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తుంది. పెట్టెలో చిన్న డిజిటల్ తేమ మీటరు పెట్టి 40, 50 శాతం మధ్య నిలబడుతుందో లేదో చూడండి. ఆ మీటరును నమ్మొచ్చో లేదో తెలియాలంటే, సీసా మూతలో కాస్త ఉప్పు తీసుకుని ముద్దగా తడిపి, మీటరుతో కలిపి గాలి చొరని డబ్బాలో ఒక రాత్రి ఉంచండి. 75 చూపించాలి. 70 చూపిస్తే ఐదు కలుపుకుని చదవండి. ఈ పని తుపాకి పెట్టెకు దూరంగా చేయండి.

ఆగస్టు నుంచి నవంబరు దాకా నెలకొకసారి, మిగతా కాలంలో మూడు నెలలకొకసారి విప్పి చూస్తే చాలు. రోజూ తీసి తుడవడం వల్ల చేతి చెమట చేరడం తప్ప లాభం లేదు.

వరద నీళ్లలో మునిగితే లెక్క వేరు. 2009 అక్టోబరులో కర్నూలు పట్టణం మునిగినట్టు ఎప్పుడైనా జరిగి పెట్టెలోకి నీళ్లు చేరితే, తీసిన తుపాకిని ఆరనివ్వకండి. బురద గట్టిపడితే తాళం లోపలికి చేరలేరు. ముందు ఏ మంచినీళ్లతోనైనా బురద వదిలేదాకా కడిగి, ఆఖరి కడుగు డిస్టిల్డ్ వాటర్‌తో కానిచ్చి, గొట్టం కర్ర విడదీసి, ఇనుముకు డబ్ల్యూడీ-40 ధారాళంగా కొట్టి, అదే వారంలో మరమ్మతుదారు చేత తాళం విప్పించండి. కర్ర మాత్రం నీడలో మెల్లగా ఆరాలి, రెండు మూడు వారాలు పట్టినా సరే.

ఇక ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులు పోలీసు స్టేషన్‌లో జమ చేయాల్సి వస్తుంది. అక్కడ వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి మిగతావాటితో కలిపి పేర్చి ఉంటాయి, చాలా చేతులు తగులుతాయి. ఇచ్చే ముందు రోజు బయట అదనంగా ఒక పొర మైనం, లోపల గ్రీజు వేసి, వీసీఐ సంచిలో పెట్టి, ఏయే మచ్చలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫోటోలు తీసుకోండి. గొట్టంలో గ్రీజు ఉందని రాసిన అట్టముక్క ట్రిగ్గర్ గార్డుకు దారంతో కట్టండి. తిరిగి తెచ్చుకున్న రోజే సంచి విప్పి, ఖాళీగా ఉందో లేదో మళ్లీ చూసి, గొట్టం లోపలి గ్రీజు మొత్తం తీసేయండి. గ్రీజున్న గొట్టంలో తూటా కాలిస్తే ఒత్తిడి పెరిగి గొట్టం ఉబ్బే ప్రమాదం ఉంది. గొట్టం లోపల గుంటలు కనబడితే, మరమ్మతుదారు గోడ మందం కొలిచి సరేననేదాకా అసలు కాల్చకూడదు.